అగ్నిశిఖ వంశవిచారము

మేడ్చలునుండి శామీర్‌పేటకు పోవు బాటకు ఇరుప్రక్కల, క్రొత్త కట్టడములు లేవనిచోట్ల, గుండ్రాళ్ల గుట్టలును, సీతాఫలపు పొదలును, తంగేడు, రేగు, బలుసు మొదలగు చెట్ల చిట్టడవియు ఇప్పటికిని కొంత మిగిలియున్నవి. గడచిన శ్రావణమాసములో ఒక శనివారము మధ్యాహ్నము ఎనిమిదవ తరగతి బాలబాలికలను వెంటబెట్టుకొని మేమా దిక్కునకు ప్రకృతిపరిశీలనమునకై పోయితిమి. ఒక్కొక్కరు పది మొక్కల పేర్లు వ్రాసి, ప్రతిదాని ప్రక్కను అది ఏ కుటుంబమునకు చెందినదో వ్రాయవలెనని నియమము. తొమ్మిది మొక్కలవరకు పని సుఖముగా సాగినది. పదియవదానితో తగవు పుట్టినది.

అది ఒక సీతాఫలపు పొదమీదికి ప్రాకిన తీగ. దాని పూలు దూరమునకు పొదకు నిప్పంటుకొన్నట్లు కనబడుచుండెను. ఒక బాలుడు అది అగ్నిశిఖ యనెను. ఒక బాలిక, “అయ్యగారూ, మా నాయనమ్మ దీనిని నాభి అంటది, ముట్టనియ్యదు” అని చెప్పెను. మూడవవాడు పొత్తిదుంప యని వాదించెను. నాలుగవవాడు తన అన్నయొక్క కళాశాల పుస్తకములో చూచితినని చెప్పి, గ్లోరియోసా సూపర్బా యనియు, లిలియేసి కుటుంబమనియు అందరికంటె ముందుగా వ్రాసికొనెను. ఈ వాదములో పాల్గొనని ఐదవవాడొకడు, తీగ మొదలును పుల్లతో త్రవ్వి దుంపను పెకలించి, గెణుసుగడ్డ యనుకొని, చొక్కాకు తుడిచి నోటియొద్దకు తీసికొనిపోవుచుండెను. మేము దానిని వాని చేతినుండి తట్టివేసితిమి. వాడు కొరికియుండలేదు. అయినను చేతులును నోరును రెండుమారులు కడిగించి, తిరిగి ఇల్లు చేరువరకు వాని ముఖమే చూచుచు నడిచితిమి. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు.

తరువాతి సోమవారము తరగతిలో వారు మరల అడిగిన ప్రశ్న యొక్కటే: “ఏ పేరు వ్రాయవలెను? ఏ కుటుంబము వ్రాయవలెను?” నాడు తరగతిలో చెప్పినదానినే, మరికొంత చేర్చి, తలిదండ్రులును చదువుటకై యిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా మొక్కను చూడుడు. అగ్నిశిఖ బహువార్షికము, అనగా ఏటేట బ్రదుకునది. కాని నేలమీద కనబడునది వానకాలమునందే. తొలకరికి దుంపనుండి మొలక లేచును. వానలు వెనుకబట్టిన పిమ్మట తీగ యెండి రాలిపోవును. దుంప మాత్రము నేలలో వచ్చు ఏటికై నిదురించును. దుంప నాగలివలె రెండు కొమ్మలుగా వంగియుండును. ఈ రూపమునుబట్టియే సంస్కృతమున దీనికి లాంగలి యను పేరు వచ్చినది, లాంగలమనగా నాగలి. ఆకుల విషయమొక వింత. ప్రతి ఆకు చివరయు సన్నగిలి నులితీగగా మారి, దొరికిన పుల్లను చుట్టుకొనును. సొరకును కాకరకును నులితీగ ఆకునకు వేరుగా పుట్టగా, దీనికి ఆకుకొసయే ఊతకోలు.

పువ్వు మరింత వింత. ఆరు రేకులు అంచులయందు అలలు తేలి, వెనుకకు పైకి విరుచుకొనియుండును. మొదట ఆకుపచ్చగాను, పిమ్మట క్రింద పసుపు, పైన ఎరుపుగాను, కడపట అంతయు ఎరుపుగాను మారును. ఒక్క తీగమీదనే ఈ రంగులన్నియు చూడవచ్చును. ఆరు కేసరములు చక్రపు ఆకులవలె ప్రక్కలకు చాచుకొనును. అండాశయముమీది కీలము నిలువుగా నుండక, మొదటనే మోచేయివలె వంగి ప్రక్కకు పోవును. దాని కొన మూడుగా చీలియుండును. ఈ వంగిన కీలమును జ్ఞాపకముంచుకొనుడు. పండితుల తగవులో దీనికి గొప్ప పాత్ర కలదు.

ఇక మన పేర్లు. అగ్నిశిఖ యనునది రంగునుబట్టి, లాంగలి దుంపనుబట్టి వచ్చినవి. నాభి యనునది మాత్రము విషమునుబట్టి వచ్చినది, చిక్కంతయు అక్కడనే యున్నది. అసలు నాభి యనగా వత్సనాభి; అది హిమాలయపు చలిప్రదేశములలో పెరుగు వేరొక మొక్క, శాస్త్రమున దానిని అకోనైటమ్ అందురు. మన మైదానములలో అది మొలవదు. దాని దుంపలు ఎండినవి అంగళ్లకు వచ్చును. అంతటి విషము మన అడవిలోనే మరియొక దుంపలో నుండుట చూచి మన పెద్దలు దీనిని అడవినాభి యనిరి. వాడుకలో అడవి రాలిపోయి నాభి మిగిలినది. ఆ బాలిక నాయనమ్మ తన మనుమరాలిని కాపాడుటకు ఆ పేరు చాలును. ఆమె వర్గీకరణములో లోకమున రెండే కుటుంబములు: తినదగినవి, తినరానివి. మా ఐదవ బాలుడు ఆ రెండు కుటుంబములనైనను ఎరిగియుండిన ఎంత బాగుండెడిది!

కాని ఆసుపత్రి గడప దాటిన పిమ్మట ఆ పేరు చాలదు. వత్సనాభి విషము నరములను, గుండెను పట్టును. తిన్న కొద్దిసేపటికే నోరు తిమ్మిరెక్కును, గుండె కొట్టుకొనుట తప్పును. మొదటి దినము గడచి బ్రదికినవాడు చాలమట్టుకు కోలుకొనును. అగ్నిశిఖ విషము నడక వేరు. తిన్న కొన్ని గంటలవరకు ఏమియు తోచకపోవచ్చును. పిమ్మట గొంతుమంట, వాంతులు, విరేచనములు. ఇవి తగ్గినట్లే కనబడి, రెండవ మూడవ దినములయందు అసలు ఆపద పైబడును. మూత్రపిండములు, కాలేయము, ఎముకలలోని మూలుగ చెడును. బ్రదికినవారికి రెండవ వారము ప్రాంతమున తలవెండ్రుకలు రాలిపోవుటయు కలదు; అట్టి రోగినిగూర్చి 1966లో సింహళమునుండి ఒక వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. కావున నాభి తిన్నాడని మాత్రము చెప్పి, ఒక దినము బాగుగా నున్నాడని రోగిని ఇంటికి తీసికొనివచ్చిన, ఆ పేరే ప్రాణము తీయవచ్చును. తలిదండ్రులు ఈ మాట మనసున నుంచుకొనవలెను: ఎవరైనను తెలియని దుంప తిన్నచో, వాంతి కాలేదని వేచియుండక, ఆ మొక్క ముక్కను గుడ్డలో మూటకట్టుకొని రోగితోకూడ ఆసుపత్రికి పోవలెను. దీనికి విరుగుడు మందు సులభముగా దొరకునది లేదు; తొందరయే మందు.

ఇప్పుడు పండితుల తగవునకు వత్తము. ఈ మొక్క పడమటి దేశస్థుల గ్రంథములకెక్కినది మన దక్షిణదేశమునుండియే. కొచ్చిలో డచ్చివారి అధికారియైన వాన్ రీడ్, కేరళ వైద్యుల సాయమున మలబారు మొక్కలనుగూర్చి పండ్రెండు సంపుటముల మహాగ్రంథమును సమకూర్చెను. అది 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డాములో అచ్చుపడినది. అందు ఇది మలయాళపు పేరైన మేందోన్నితోనే బొమ్మ సహితముగా నున్నది. ఆ పేరును లాటినీకరించి కొందరు మెథోనికా యనిరి. స్వీడను దేశపు లిన్నేయసునకు గ్రీకు లాటిను మూలము లేని పేర్లు గిట్టవు. ఆయన దానిని త్రోసివేసి, 1753లో అచ్చయిన తన గ్రంథమున గ్లోరియోసా సూపర్బా యని పెట్టెను. గ్లోరియోసా యనగా కీర్తిగలది, సూపర్బా యనగా ఠీవిగలది. అనగా రెండును విశేషణములే, విశేష్యము లేదు! ఇది పేరెట్లగునని ఫ్రాన్సు దేశపు లామార్కు మొదలగువారు మెథోనికాయే వాడిరి. కాని 1753నాటి పేరులకే పెద్దరికమని శాస్త్రజ్ఞులు తరువాత ఒడంబడుటచేత లిన్నేయస్ పేరు నిలిచినది. మలబారు పేరు నిలిచియున్న బాగుండెడిదని మాకు తోచును. కాని ఓడిపోయిన వ్యాజ్యమును మరల తెరచుటవలన లాభము లేదు.

పేరు కుదిరినను లెక్క కుదరలేదు. ఈ ప్రజాతిలో జాతులెన్ని? ఆఫ్రికాఖండమునకు పోయిన సంగ్రాహకులు ఎత్తుననుసరించి, రేకుల వెడల్పుననుసరించి, అంచు అలలననుసరించి, క్రొత్త క్రొత్త జాతులను ప్రకటించిరి. పొట్టిదొకటి, పసుపుపచ్చనిదొకటి, అంచున అల లేనిదొకటి. ఒకదానికి రోత్‌షైల్డు ప్రభువు పేరు కూడ పెట్టిరి. 1970వ దశకపు మొదటి యేండ్లలో ఫీల్డు అను ఆంగ్లేయపండితుడు వీనినన్నిటిని పరిశీలించి, ఇవి వేరు జాతులు కావు, ఒక్క సూపర్బాయే చోటునుబట్టి వేషములు మార్చుచున్నదని తీర్పు చెప్పెను. అందరును దానికి సమ్మతింపలేదు. కణములలోని క్రోమోసోములను లెక్కించినవారికి కొన్నిట 22, కొన్నిట 44, కొన్నిట 88 కనబడినవి; అన్నియు పదునొకండు చొప్పున హెచ్చినవే. రూపమొకటియైనను లెక్క వేరైన, ఒక జాతియనవలెనా, పెక్కనవలెనా? నేటి జాబితాలు మధ్యేమార్గమున, ఇటీవల చేర్చిన చుట్టములతో కలిపి, సుమారు పది జాతులను చెప్పుచున్నవి. మన శామీర్‌పేట పొదమీదిది ఏ లెక్కను చూచినను సూపర్బాయే గాన బాలురకు ఇక్కడ భయము లేదు.

కుటుంబపు ప్రశ్నయే అసలైనది. లిన్నేయస్ పువ్వులోని కేసరములను, కీలములను ఎంచి మొక్కలను తరగతులుగా విభజించెను. అగ్నిశిఖకు కేసరములారు, కీలమొకటి. కావున లిల్లీపువ్వుతోపాటు ఆరు కేసరములు, ఒక కీలముగలవాని గదిలో కూర్చుండబెట్టెను. ఐరోపాలో కోల్చికమ్ అను మరియొక విషపు మొక్క కలదు. ఆకు లేని కాలమున, శరదృతువులో, నేలనుండి నేరుగా ఊదారంగు పువ్వు పూయును. దానికిని కేసరములారే, కాని కీలములు మూడు. అందుచేత లిన్నేయస్ దానిని ప్రక్కగదికి పంపెను. ఒక వేలెడు కీలమునుగూర్చి ఈ రెండును వేరైనవి.

తరువాతివారు లక్షణములన్నిటిని చూడవలెనని చెప్పి సహజకుటుంబములను కట్టిరి. కాని ఆరు రేకులు, ఆరు కేసరములు, రేకులకు పైనుండు అండాశయము గల మొక్కలన్నిటిని లిలియేసి యను ఒక్క గంపలో వేసిరి. అందు ఉల్లియు వెల్లుల్లియు కలవు, కలబంద కలదు, పిల్లిపీచర కలదు, అగ్నిశిఖయు కలదు. హుకర్ సంపాదకత్వమున వెలువడిన బ్రిటిష్ ఇండియా వృక్షగ్రంథమునందును ఇట్లే యున్నది. మన కళాశాలలలో బెంథామ్, హుకర్ల పద్ధతిని చాలకాలము బోధించుటచేత, అన్న పుస్తకమునందును లిలియేసి యనియే యుండును. ఆ బాలుడు అబద్ధమాడలేదు. పాత సత్యము చెప్పినాడు.

ఆ గంప బరువుకు అడుగు తెగినది. 1985లో డాల్‌గ్రెన్, క్లిఫర్డు, యో అను ముగ్గురు తమ గ్రంథమున దానిని పెక్కు కుటుంబములుగా విడదీసి, అగ్నిశిఖను కోల్చికేసి కుటుంబమున చేర్చిరి. 1998లో జన్యువులలోని డి.ఎన్.ఏ. అక్షరములను పోల్చి వంశవృక్షము గీచిన పండితమండలి, అనగా ఏ.పి.జి. వారు, ఆ విభాగమునే బలపరచిరి. అనగా లిన్నేయస్ ప్రక్కగదికి పంపిన కోల్చికమే అగ్నిశిఖకు దాయాది. పేరుకు లిల్లీ యనిపించుకొన్నను, నిజమైన లిల్లీ దూరపు చుట్టము మాత్రమే.

ఇచ్చట మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించిన సంగతి యొకటి. ఈ బంధుత్వమును డి.ఎన్.ఏ. కంటె ముందుగా, పువ్వునే చూడని రసాయనశాస్త్రజ్ఞులు పట్టియిచ్చిరి. 1820లో పారిసులో పెల్తియే, కవంతూ అను ఇద్దరు కోల్చికమునుండి విషసారమును వేరుచేసిరి. దానికే తరువాత కాల్చిసిన్ అని పేరు. 1880 ప్రాంతమున కలకత్తాలో వార్డెన్ అను వైద్యుడు అగ్నిశిఖ దుంపనుండి ఒక విషసారమును తీసి, క్రొత్తదని తలచి సుపర్బిన్ అని పేరిడెను. 1915లో క్లూవర్, గ్రీన్, ట్యుటిన్ అనువారు దానిని మరల పరీక్షించి, అందున్న విషము కాల్చిసినే యని చూపిరి. పండితులు రెండు మొక్కలను ఇంకను ఒక పెద్ద గంపలో ఎక్కడనో దూరదూరముగా నుంచియున్న కాలమున, సీసాలోని విషము “మేము ఒక ఇంటివారము” అని సాక్ష్యము చెప్పినది. మన నాయనమ్మయు విషమునుబట్టియే పేరు పెట్టినదని మరువరాదు. ఆమె పద్ధతి తప్పు కాదు. పోల్చిన మొక్కయే తప్పు. నాభితోగాక సురంజానుతో పోల్చియున్నచో ఆమె డాల్‌గ్రెనుకంటె ముందున్నట్లే!

సురంజానన నేమి? హైదరాబాదులో యునానీ హకీముల మందులనెరిగినవారికి ఈ పేరు క్రొత్త కాదు. కీళ్లనొప్పులకు వారు వాడు సురంజాను కాశ్మీరమువంటి చలిసీమలలో మొలచు పసుపుపచ్చని కోల్చికపు దుంపయే. ఈనాటి వైద్యులును కీళ్లవాతములో ఒక విధమైన గౌటునకు కాల్చిసినునే అతిస్వల్ప మాత్రలుగా ఇచ్చుచున్నారు. ఆయుర్వేదులు లాంగలిని ఏడు ఉపవిషములలో నొకటిగా లెక్కించి, శుద్ధిచేయక వాడరాదని విధించిరి. అన్నదమ్ములలో ఒకడు కాశ్మీరమునుండి చార్మినారు అంగడికి వచ్చినాడు, మరియొకడు శామీర్‌పేట పొదలో నున్నాడు. వారి కథ ఒకటేయని తెలియుటకు ఇన్ని యేండ్లు పట్టినది. మూడవ చుట్టమొకటియు మన దక్కను గడ్డిబీళ్లలో కలదు: ఇఫిజీనియా ఇండికా. జానెడు మొక్క, గడ్డివంటి ఆకులు, చిన్న ముదురు ఊదా పూలు. గడ్డిలో గడ్డియై యుండుటచేత ఎవరును చూడరు. వచ్చు వానకాలమున దానిని వెదకి చూపినవారి పుస్తకమున మేము ఎర్రసిరాతో మెచ్చుకోలు వ్రాయుదుము, పెకలింపరాదు.

ఈ విషము పనిచేయు విధమును గ్రహించిన, వెండ్రుకలు రాలుటయు, ప్రేగు చెడుటయు ఏల కలుగునో తెలియును. కణము రెండుగా చీలునప్పుడు క్రోమోసోములను ఇరువైపులకు లాగు దారముల వంటివి కొన్ని కలవు. కాల్చిసిన్ ఆ దారములు అల్లుకొననీయదు. కావున ఎడతెగక చీలుచుండు కణములున్న చోట్లనే, అనగా ప్రేగులోను, మూలుగలోను, వెండ్రుక మొదళ్లలోను, ముందుగా దెబ్బ తగులును. ఇదే గుణమును 1937లో బ్లేక్స్‌లీ, ఆవెరీ అనువారు మొక్కలపై ప్రయోగించి, చీలవలసిన కణము చీలక నిలిచిపోగా క్రోమోసోముల సంఖ్య రెట్టింపగునని చూపిరి. నాటినుండి క్రొత్త వంగడములను పుట్టించువారికి ఇది పనిముట్టైనది. అగ్నిశిఖలోనే 22, 44, 88 అని సంఖ్యలు రెట్టింపగుచుండుట చూచిన పండితులకు నవ్వు రాకమానదు.

తగవు తీరినదా? పూర్తిగా లేదు. దక్షిణాఫ్రికా దిక్కున లిట్టోనియా యను ప్రజాతి యుండెను. దాని ఆకుకొనలును నులితీగలే. కాని పువ్వు గంటవలె క్రిందికి వ్రేలాడును, రేకులు వెనుకకు విరుచుకొనవు, కీలము వంగదు. రెండువందల యేండ్లకు పైగా వంగిన కీలమే గ్లోరియోసాకు గుర్తని నేర్చుకొంటిమి. వంశవృక్షము గీచిచూడగా లిట్టోనియాను వేరుగా నిలుపుట పొసగదని తేలుటచేత, 2007లో విన్నర్‌స్టెన్, మానింగ్ అనువారు దానిని గ్లోరియోసాలో కలిపివేసిరి. కొందరు తోటపనివారు ఇప్పటికిని పాత పేరే వాడుచున్నారు. మా మట్టుకు మేము కలుపుటయే మేలని తలతుము. పువ్వు తలయెత్తుటయు తలవంచుటయు దానిని మోయు పురుగుల, పిట్టల మర్యాదనుబట్టి త్వరగా మారవచ్చును. వంశము అంత త్వరగా మారదు. అయితే కంటికి కనబడు గుర్తును పోగొట్టుకొన్న ప్రజాతిని పొలములో పిల్లలకెట్లు చూపవలెనో మాకింకను తెలియదు.

ఈ పువ్వునకు లోకమున కలిగిన మర్యాదను ఒక్కమాటలో చెప్పెదము. తమిళనాడునకు ఇది రాష్ట్రపుష్పము. అచ్చటి రైతులు గింజలకై పందిళ్లమీద సాగుచేసి మందుల కంపెనీలకు అమ్ముదురు, ఏలయన గింజలలోను కాల్చిసిన్ మెండు. ఆఫ్రికాలో జింబాబ్వే దేశమునకు ఇది జాతీయపుష్పము. ఆ దేశము దక్షిణ రొడీషియాగా నున్నపుడు, 1947లో, అచ్చటి బడిపిల్లలు చందాలు వేసికొని ఈ పువ్వు ఆకృతిగల వజ్రపు పతకమును ఇంగ్లాండు రాజకుమారి ఎలిజబెత్తునకు కానుకగా నిచ్చిరి.

మా బడి వెనుక దడిమీదను ఈ తీగ యొకటి యున్నది. శనివారపు సంగతి తెలిసి, ముగ్గురు తండ్రులు దానిని పెకలించి తగులబెట్టవలెనని కోరిరి. వారి భయము న్యాయమైనదే. మాకును అదే భయము. కాని మేడ్చలు ప్రాంతపు పొదలన్నిటిని పెకలింపజాలము. బడిలో చూచి యెరుగని పిల్లవాడు బీటిలో చూచి తినును. అందుచేత ప్రధానోపాధ్యాయులవారి అనుమతితో చిన్న తరగతుల పిల్లలకు అందకుండ తీగచుట్టును తడిక కట్టించి, ఒక బల్ల వ్రేలాడదీసితిమి. బల్లపై వ్రాతకు దుంప త్రవ్విన బాలునినే నియమించితిమి. వాడు మొదటి వరుసలో అగ్నిశిఖ, అడవినాభి, పొత్తిదుంప అనియు, రెండవ వరుసలో గ్లోరియోసా సూపర్బా, కోల్చికేసి కుటుంబము అనియు వ్రాసి, మూడవ వరుసలో మేము చెప్పకుండగనే పెద్ద అక్షరములతో, “ఇది గెణుసుగడ్డ కాదు” అని వ్రాసినాడు.